రాత్రి ప్రయాస, ప్రభువు మాట (లూకా 5:5)

లూకా 5:5ను మన ప్రసంగాలలో తరచుగా ఒక సూత్రంగా వాడుతున్నాము: విధేయులైతే వల నిండుతుంది. నిండకపోతే? సంఘం పెరగని పల్లెలో 20 ఏళ్లు పనిచేసిన సేవకుని విశ్వాసాన్నే అనుమానిస్తాము. వాక్యభాగం అలా బోధించడం లేదు.

పేతురు మాటలోని గ్రీకు క్రియ 'కోపియావో'. అలసిపోయేదాకా శ్రమించుట అని దాని భావం. పౌలు తన పరిచర్యకు కూడా ఇదే పదం వాడాడు (1 కొరింథీ 15:10). పేతురు అనుభవమున్న జాలరి. కడిగిన వలలను మళ్లీ దించడం ఎంత పనో అతనికి తెలుసు. తన వైఫల్యాన్ని దాచలేదు, ప్రభువుకే చెప్పుకొన్నాడు. నిరాశ, విధేయత ఒకే వాక్యంలో ఉన్నాయి. అతనికి ఆధారం చేపల జాడ కాదు, ప్రభువు మాట. పైగా దొరికిన చేపలతో సహా సమస్తమును విడిచి వెళ్లారు (5:11). దీనిపై మనం ఎందుకో అంతగా ప్రసంగించము.

1836లో భారతదేశానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840 నుండి నెల్లూరులో శ్రమించాడు. ఫలితం అతి స్వల్పం. 1853లో ఈ మిషన్‌ను మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. లైమన్ జ్యూయెట్ మాత్రం పని విడువలేదు. 1854 నూతన సంవత్సర దినాన కొద్దిమందితో ఒంగోలు కొండపై ప్రార్థించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దాని వెనుక కరవు ఉంది, కాలువ పని ఉంది, యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ సువార్తికుల కృషి ఉంది. ఆ సంఖ్యను డే ఓర్పుకు బహుమానంగా చూపడం సరికాదు. అతడు ఆ రోజును చూడకుండానే మరణించాడు. అతడు చూసినది నెల్లూరులోని ఆ చిన్న సంఘమే.