నడివయస్సున కఱ్ఱసాము

బాసరలో జ్ఞానసరస్వతీ సన్నిధిని అక్షరాభ్యాసమగు శిశువును ఆనాడే పద్యము వ్రాయుమని యెవ్వరును కోరరు. నలువదేండ్లు దాటి కఱ్ఱసాము చేపట్టు సోదరీమణులును తమయెడ నట్టి యోర్పే చూపవలెనని మా మనవి.

ఈ వయస్సున బెణుకు కుదురుటకు హెచ్చుకాలము పట్టును. ముట్లుడిగిన పిదప ఎముకలు బలము తగ్గును. చీలమండ బెణికినచో సాము మాని, గుడ్డలో చుట్టిన మంచుముక్కలను 15 నిమిషములుంచి, పట్టీ కట్టి, కాలు దిండుపై నెత్తి యుంచవలెను. తొలి రెండుదినములు కాపడము, మర్దనము కూడవు. నాలుగడుగులు వేయలేనిచో ఎక్స్-రే తీయింపవలెను. నొప్పి దాచి ఇంటిపని చేయుట ధైర్యము గాదు.

డెబ్బదియేండ్లు దాటియు కళరి నేర్పుచు 2017లో పద్మశ్రీ బడసిన కేరళ వనిత మీనాక్షియమ్మగారి విద్యలో గాయముల చికిత్సయు నొక భాగమే. మన సాములోను అట్లే కావలెను. వాపు తీసినపిదప, ముందు అడుగులు, కఱ్ఱ తరువాత.