సెల్ ఫోనులోని కాగితములు – గ్రంథాలయములు చేయదగిన సాయము



మేము గ్రామములకు పోయి, తెగులు సోకిన పైరును గూర్చి యడిగినప్పుడు రైతు ముందుగా తీయునది సెల్ ఫోను. అందు ఆకుమచ్చల ఫోటోలుండును. వానితోపాటే బోరు వేయించిననాటి రసీదు, అన్నదమ్ములు పంచుకొన్ననాడు పెద్దలు వ్రాసిన కాగితపు ఫోటో, గతించిన తండ్రిగారి మాటలు, కూతురి పెండ్లి చిత్రములు, అన్నియు నుండును. విత్తనపు గింజలను వేరుగా దాచి, పురుగు పట్టకుండ నడుమ నడుమ చూచుకొను మనము, ఇన్నిటిని ఒక్క జేబులో పెట్టుకొని కాలువ గట్టున నడచుచున్నాము. ఫోను నీటబడినచో ఏమగును?

కొన్ని మరల దొరకును. అడంగలు మొదలగు భూమి లెక్కలు ప్రభుత్వపు కంప్యూటరులలో నున్నవి. 2015లో వచ్చిన డిజిలాకరు ద్వారమున ఆధారు మొదలగు పత్రములను ఎప్పుడు కావలసిన నప్పుడు తీసికొనవచ్చును. కాని పంపకపు కాగితమును, తండ్రి కంఠమును, ఏ మడిలో ఏ యేడు ఏ తెగులు వచ్చినదను ఫోటోను దాచు బాధ్యత ఏ కార్యాలయమునకును లేదు. మనము దాచుకొనకున్న అవి లేనట్లే.

అన్నియు క్లౌడులో నున్నవి గదా యని కొందరు కుఱ్ఱవారు చెప్పుదురు. క్లౌడనగా మేఘము. మేఘమును నమ్ముకొనుట రైతునకు క్రొత్త గాదు, దాని నడవడియు మన మెఱుగుదుము. రెండేండ్లు తెరువక విడిచిన సొంత ఖాతాలను, వానిలోని ఫోటోలతో సహా, తొలగింపవచ్చునని గూగులు కంపెనీవారు 2023లో ప్రకటించిరి. యజమాని కాలము చేసినచో ఆ ఖాతాను తెరచువా రెవ్వరు? తరువాత దానిలోనివి ఎవరికి చేరవలయునో ముందుగానే వ్రాసియుంచుటకు ఆ కంపెనీవారే యొక ఏర్పాటు చేసియున్నారు. మన పల్లెలలో దానిని చూపించి చేయించువారే లేరు.

పాత వీడియో టేపుల సంగతి మఱింత తొందరైనది. వానిని ఆడించు యంత్రములను చివరివరకు చేయుచుండిన జపానులోని ఫునాయ్ కంపెనీ 2016లో ఆ పని మానినది. టేపు చెడకున్నను చూచుటకు యంత్రము దొరకని కాలము వచ్చినది.

ఇట్టి పనికి గ్రంథాలయమే తగినచోటని మా యభిప్రాయము. అమెరికాలోని వాషింగ్టను నగర గ్రంథాలయమువారు 2016లో ‘మెమొరీ ల్యాబ్’ అను గదిని తెరచిరి. అందు టేపులాడించు యంత్రములు, ఫోటోలను కంప్యూటరులోని కెక్కించు స్కానరులు నుండును. ప్రజలు ముందుగా వేళ నిర్ణయించుకొని వచ్చి, రుసుము లేకయే, తమ వస్తువులను తామే నకలు చేసికొని యింటికి తీసికొనిపోదురు. సాధనమును, నేర్పును ఇచ్చుటయే గ్రంథాలయము పని. ఇంటి గుట్టు ఇంటివారి చేతులలోనే యుండును. ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

మనకిది మించిన పని కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవపై నెక్కించి కాలువ వెంట పల్లెలకు చేర్చిరి. నేడు మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను చెల్లించుచునే యున్నాము. శాఖా గ్రంథాలయములో ఒక కంప్యూటరు, ఒక స్కానరు, వారమున కొక పూట నేర్పు గల మనిషి యుండవలెనని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టుట మన హక్కు. టేపు యంత్రమును మాత్రము సంఘమువారే పాతది కొని యిచ్చిన బాగుండును.

అచ్చట ముందుగా నేర్పవలసినది పేర్లు పెట్టుట. ఫోను తానుగా పెట్టు అంకెలవలన ఏ ఫోటో ఏదియో పదేండ్లకు తెలియదు. ‘2024 ఖరీఫ్, చెఱువుక్రింది మడి, వరి, అగ్గితెగులు’ అని యుండిన, ఆ తెగులు ఏటేట ఎన్నడు మొదలగుచున్నదో మేమును మీరును కలసి లెక్క కట్టవచ్చును. అట్టి మూడేండ్ల ఫోటోలు మాకు ఏ పుస్తకముకంటెను విలువైనవి. పిదప మూడు నకళ్లు చేయవలయును. ఒకటి ఫోనులోను, ఒకటి హార్డుడిస్కులోను, ఒకటి పొరుగూరి చుట్టముల యింటను ఉంచవలయును. ఇల్లు కాలినను, వరద వచ్చినను ఒకటి మిగులును. పెన్‌డ్రైవును పెట్టెలో పడవేసి మఱచిపోరాదు. ఏటి కొకసారి తెరచి చూచి, కొన్నేండ్ల కొకసారి క్రొత్తదానిలోనికి మార్చవలయును. వాట్సాప్‌లో ఫోటోగా పంపినది కుదించుకొనిపోవును గావున కాగితముల ఫోటోలను డాక్యుమెంటుగా పంపుట మేలు. గ్రంథాలయపు కంప్యూటరులో పని ముగిసిన వెంటనే తమవి చెరిపి, ఖాతా మూసి లేవవలయును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ యర్జీని చదివి సంతకములు తీసికొనవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాము. టేపులున్నవారు వానలకు ముందే వానిని తేమ తగులనిచోట నిలువుగా నిలిపి యుంచుడు. బూజు పట్టినదానిని మాత్రము యంత్రములో పెట్టవలదు. అది యంత్రమును, తరువాత వచ్చువారి టేపును గూడ చెఱచును.