మీకు తెలుసా? వయసుకు ముందే ఎదిగే ఆడపిల్లలు

• కర్నూలు, కడప పల్లెల్లో మొదటి నెలసరి వస్తేనే పిల్ల పెద్దమనిషి అయిందంటారు. వైద్యుల లెక్కలో ఆ మార్పు సుమారు రెండు, రెండున్నరేళ్ల ముందే మొదలవుతుంది. రొమ్ము మొగ్గ దానికి తొలి గుర్తు.

• ఈ గుర్తు 8 ఏళ్లు నిండకముందే కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. మగపిల్లల్లో ఎదుగుదల మొదలవడానికి ఆ హద్దు 9 ఏళ్లు.

• ఆడపిల్లలు త్వరగా ఎదగడం మన దగ్గరే కాదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో రొమ్ము ఎదుగుదల మొదలయ్యే సగటు వయసు 1991లో 10.88 ఏళ్లు; 2006 నాటికి 9.86కు దిగింది.

• ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు తెలుస్తుంది. ఎముకలు తొందరగా ముదిరితే, ఇప్పుడు తోటివాళ్లకన్నా పొడుగ్గా ఉన్న పిల్ల చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు.

• ముందే ఎదిగే చాలామంది ఆడపిల్లల్లో ఏ జబ్బూ బయటపడదు. అధిక బరువుకు ఈ ముందస్తు ఎదుగుదలతో సంబంధం ఉంది. థైరాయిడ్ లోపం, అరుదుగా మెదడులోనో అండాశయంలోనో గడ్డ కూడా కారణం కావచ్చు.

• బ్రాయిలర్ కోడిలోని హార్మోన్ల వల్లే పిల్లలు ముందే ఎదుగుతారని కొందరంటారు. కానీ ఆ కోడి త్వరగా పెరిగేది జాతి ఎంపిక, దాణా వల్ల. హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల కాదు.

• అవసరమైతే నెలకో, మూడు నెలలకో ఇచ్చే ఇంజెక్షన్ ఈ ముందస్తు ఎదుగుదలను ఆపి ఉంచుతుంది. మందు మానితే అది మళ్లీ మొదలవుతుంది.

• 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి చెందిన పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో పిల్లల విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు పుట్టిన తేదీ, గుర్తు మొదట కనిపించిన నెల, పాత ఎత్తు, బరువు రాసుకెళ్లండి.