బ్యాంకు అను మాట

ఒకనాడు మా తరగతిలో, చెన్నూరు గోదావరి బ్యాంకున నున్నదను నర్థముగల ఇంగ్లీషు వాక్యమును తెనిగించుచు, ఒక విద్యార్థి చెన్నూరునందు గోదావరి బ్యాంకు కలదని వ్రాసెను. తక్కినవారు నవ్విరి. కాని యతడు తెలివిలేక తప్పలేదు. ఒక మాటకు ఒకే యర్థము ఉండునను నమ్మకముచే తప్పెను. ఆ నమ్మకమును తొలగించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నదికి బ్యాంకు అనగా ఒడ్డు, గట్టు. నీరు పారు దిక్కునకు ముఖముంచి నిలిచినచో ఎడమచేతి వైపునది ఎడమ గట్టు, కుడిచేతి వైపునది కుడి గట్టు. ఈ లెక్కను మన చెన్నూరు గోదావరికి ఎడమ గట్టునను, మంథని కుడి గట్టునను ఉన్నవి.

ధనము దాచు బ్యాంకు వేరు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020లో యూనియన్ బ్యాంకునందు విలీనమయ్యెను. నైజాము ప్రభుత్వము 1941లో చట్టముచేసి ఏర్పరచిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు పిదప పేరుమారి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకున కలిసెను. ఈ పేళ్లు మారినను బ్యాంకు అను మాట నిలిచియున్నది.

ఈ మాట యిటలీదేశమునుండి వచ్చినది. అచ్చట పూర్వము నాణెములు మార్చు వర్తకులు బల్లలు వేసికొని కూర్చుండిరి. ఆ బల్లకే బాంకా యని పేరు. దివాలా తీసినవానిని బాంక్రప్టు అందురు. దాని మూలమునకు విరిగిన బల్ల యని యర్థము. విందునకు పేరైన బాంక్వెట్ అను మాటకు మూలార్థము చిన్నబల్ల. విద్యార్థులు కూర్చుండు బెంచియు ఈ కుటుంబములోనిదే. నది గట్టునకు పేరైన బ్యాంకు అను మాటయు ఈ కుటుంబమునకు చుట్టమే. లూకా సువార్త పందొమ్మిదవ అధ్యాయమున, యజమానుడు దాసునికిచ్చిన సొమ్ము ఉపమానమందు, ఇంగ్లీషువారు బ్యాంకు అని వ్రాసినచోట మూలమైన గ్రీకుభాషలో నున్న మాటకు అర్థము బల్లయే. గ్రీసుదేశస్థులు నేటికిని బ్యాంకును ఆ మాటతోనే పిలుచుచున్నారు.

క్రియగా వాడినపుడు మరియొక వింత కలదు. నిప్పును బ్యాంకు చేయుట యనగా అది తెల్లవారువరకు ఆరకుండ బూడిద కప్పి యుంచుట. మన తల్లులు పొయ్యిలో నివురు కప్పి చేయు పని యిదియే. ఒకరిపై బ్యాంకు చేయుట యనగా వారిని నమ్ముకొనుట.

ఇంగ్లీషువారి మాటలే యిట్లు చిక్కు పెట్టునని తలపరాదు. మన ఒడ్డు అను మాటను చూడుడు. ఏటికి ఒడ్డు కలదు. జూదరి పందెము ఒడ్డును. ప్రక్కనున్న మాటలనుబట్టియే మనము అర్థము గ్రహించుచున్నాము. ఇంగ్లీషునందును అట్లే చేయవలెను. నిఘంటువు తెరచినపుడు మొదటి యర్థముతో తృప్తిపడక కడవరకు చదువవలెను.

పరీక్షలో పొరపాటువలన పోవునది ఒక మార్కు మాత్రమే. కాని చదువెరుగని తండ్రి యింటికి వచ్చిన కాగితమును కుమారుని చేతికిచ్చి, "ఇందేమున్నదో చదివి చెప్పు, నాయనా" యనునపుడు, ఒక మాటకు తప్పుడర్థము చెప్పిన పొలమునకును పొదుపునకును చేటు కలుగవచ్చును. అట్టి తండ్రి తన కుమారుని చదువును నమ్ముకొనియున్నాడు. ఆ నమ్మకమును నిలుపుటకొరకు ప్రతి మాటను నిలిచి చూచి చదువుట మన విధి.