నరానికి కళ్లెం, నాళానికి వాకిలి

గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటున్న మనిషిని అత్యవసర విభాగంలో పడుకోబెడతారు. డాక్టరు సిరంజి అందుకుని ముందే చెబుతాడు: "ఒక్క క్షణం ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. భయపడకండి." 6 మిల్లీగ్రాముల మందు ఒక్క ఊపున రక్తంలోకి వెళ్తుంది, వెనకే సెలైన్. తెరమీద గీత కొన్ని సెకన్లు చదునుగా సాగుతుంది. కొత్త నర్సు డాక్టరు మొహం చూస్తుంది. తర్వాత టక్, టక్, టక్... మామూలు లయ.

ఆ మందు అడినోసిన్. వింత రసాయనమేమీ కాదు, మన ఒంట్లో నిత్యం తయారయ్యేదే. కణాల ఇంధనమైన ఏటీపీ పెద్ద నోటనుకుంటే, ఖర్చయ్యాక మిగిలే చిల్లర ఇది. పని పెరిగినా, ఆక్సిజన్ చాలకపోయినా ఆ చిల్లర కణాల చుట్టూ పోగుపడుతుంది.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించింది 1929లో. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఆ ఏడాదే కనుక్కున్నాడు. గుండె వేగాన్ని అడినోసిన్ తగ్గిస్తుందనీ, రక్తనాళాలను విప్పుతుందనీ డ్రూరీ, సెంట్ గ్యోర్గీ ప్రకటించిందీ 1929లోనే. నోటూ చిల్లరా ఒకే ఏడాది వెలుగులోకి వచ్చాయన్నమాట!

ఒకచోట ఆపేది, మరోచోట తెరిచేది ఒకే అణువు ఎలా అయింది? గుట్టు కబురులో లేదు, వినే చెవిలో ఉంది. ఆ చెవులే గ్రాహకాలు. ఏ1, ఏ2ఏ, ఏ2బీ, ఏ3 అని నాలుగు రకాలు. కణపు పొరను ఏడుసార్లు కుట్టిన దారంలాంటి ప్రొటీన్లవి. అడినోసిన్ బయటే కూర్చుంటుంది. ఆ తాకిడికి గ్రాహకం ఒళ్లు విరుచుకుని, లోపలున్న జీ-ప్రొటీన్‌ను లేపుతుంది.

నరాల కణాల్లో ఎక్కువగా ఉండేది ఏ1. అది లేపే జీ-ప్రొటీన్, సైక్లిక్ ఏఎంపీ అనే లోపలి వార్తాహరుడి తయారీని తగ్గిస్తుంది. అంతటితో ఆగదు. పొటాషియం తలుపులు తీస్తుంది, కాల్షియం తలుపులు మూస్తుంది. కాల్షియం రాకపోతే నరం కొసన ఉన్న రసాయన సంచులు విప్పుకోవు. నరం నోరు మూసుకుంటుంది. గుండె పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న విద్యుత్ కూడలిలోనూ ఇదే ఏ1, ఇవే పొటాషియం తలుపులు. తెరమీద చదునైన గీత దాని పనే. అడినోసిన్ రక్తంలో 10 సెకన్లలోపే సగానికి తగ్గిపోతుంది కాబట్టి సరిపోయింది!

గుండెకు రక్తం అందించే నాళాల్లో ఏ2ఏది పైచేయి. అది లేపే జీ-ప్రొటీన్ తంతు తిరగేసి ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రొటీన్ కైనేజ్-ఏ మేలుకుంటుంది, నాళం గోడలోని కండరం సడలుతుంది. ఎక్కడ ఖర్చు ఎక్కువైతే అక్కడికి రక్తం. ఇంత పొదుపైన ఏర్పాటు ఒంట్లో మరొకటి ఉందంటే నేను సులువుగా ఒప్పుకోను.

అలాగని నరానికి ఏ1, నాళానికి ఏ2ఏ అని గీత గీసేయలేం. మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్న నాళం ఏ1 మాట విని ముడుచుకుంటుంది. మెదడు లోతుల్లో డోపమైన్ గ్రాహకాల పక్కనే ఏ2ఏ కాపురముంటుంది. దాన్ని అడ్డుకునే ఇస్ట్రాడెఫిలిన్‌ను పార్కిన్సన్స్‌కు వాడటానికి జపాన్ 2013లో అనుమతిచ్చింది.

ఇక కాఫీ. బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు కెఫీన్ ఈ గ్రాహకాల్లో చోటు ఆపేస్తుంది. తాను కబురు చెప్పదు, అడినోసిన్‌ను కూర్చోనివ్వదు. అలసట తీరలేదు, వినపడలేదంతే. రోజూ తాగేవాళ్లు ఓ పూట మానేస్తే తువ్వాలు తీసేసినట్టే. మెదడులో నాళాలు విప్పారతాయి, తలనొప్పి మొదలవుతుంది.

గుండె నాళాల్ని అడినోసిన్‌తోనో, ఆ కోవకే చెందిన రెగాడెనోసన్‌తోనో విప్పి చేసే స్కాన్ మీకు రాశారా? ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. కాఫీ, టీ మానమన్న గంటలు కచ్చితంగా మానండి. గ్రాహకాల్లో కెఫీన్ కూర్చునుంటే నాళాలు సరిగా తెరుచుకోవు, ఉన్న పూడిక స్కాన్‌లో కనపడకపోవచ్చు.