తెర పరుగెత్తితే.. పాట ఆగిపోతుంది!

మా మేనమామ ముప్పై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతున్నారు. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, జాతర్లు.. ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళతారు. ఆయన ఆస్తి అంటే నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు. వాటినిండా చేత్తో రాసుకున్న పాటలే. యాభై దాటాక ఓ చిక్కొచ్చి పడింది. దగ్గరున్న అక్షరాలు ఆనడం లేదు. కళ్లజోడు పెట్టుకుంటే పుస్తకం కనిపిస్తుంది, ఎదుటి జనం మసకబారిపోతారు. తీసేస్తే జనం కనిపిస్తారు, పాట కనిపించదు. ‘ఇక కుర్రాళ్లకి వదిలేయడమే నయంరా’ అనడం మొదలుపెట్టారు.

ఇంజినీరింగ్ చదివిన మేనల్లుణ్ని, ఊరుకుంటానా! పాత ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ప్రాంప్టర్ సాఫ్ట్‌వేర్ వేశా. టీవీ యాంకర్ల ముందు అక్షరాలు కదులుతాయి కదా, అలాంటిదే. పాట టైప్ చేసి, నాలుగున్నర నిమిషాలకు స్క్రోలింగ్ పెట్టా. ఇంట్లో రికార్డు వేసి పాడించి చూశా. కొంచెం అటూ ఇటూ అయినా ఆయన సర్దుకున్నారు. నేనూ ‘సూపర్’ అనేసుకున్నా.

ఓ రిసెప్షన్‌లో నా సరదా తీరిపోయింది. పల్లవి అవ్వగానే కుర్రాళ్లు డాన్సులకు దిగారు. కీబోర్డు, ప్యాడ్స్ వాళ్లు ఊపు మీద మ్యూజిక్ బిట్‌ను రెండింతలు లాగారు. మామయ్య మొదటి చరణం అందుకుందామని చూస్తే, తెర మీద రెండో చరణం దగ్గర పడుతోంది! ఆయన ఆగిపోయారు. పక్కనున్న గాయని హమ్మింగ్‌తో ఎలాగో గట్టెక్కించారు. కిందికి దిగాక మామయ్య నన్ను తిట్టలేదు. ‘ఒరేయ్, ఇది నాకంటే ముందే పాడేస్తోందిరా’ అన్నారంతే. తర్వాతి రెండు ప్రోగ్రాములకు మళ్లీ నోట్‌బుక్కే తీసుకెళ్లారు.

తప్పెక్కడ జరిగింది?

సాఫ్ట్‌వేర్‌లో కాదు, నా లెక్కలో! మీరూ ఈ లెక్క ఓసారి చూడండి. పాట నిడివి 270 సెకన్లు. సాహిత్యం 36 లైన్లు. అంటే తెర ఒక్కో లైనుకు 7.5 సెకన్లు తీసుకుంటుంది. కానీ గాయకుడు 270 సెకన్లూ పాడడు కదా! మొదట్లో 30 సెకన్ల మ్యూజిక్, మధ్యలో రెండుసార్లు 40 సెకన్ల చొప్పున బిట్లు. అవి పోతే పాడేది 160 సెకన్లే. అంటే ఆయన లైనుకు 4.4 సెకన్ల వేగంతో పాడుతున్నారు.

ఆయన నోరు తెరవకముందే తెర 4 లైన్లు దాటేసింది. పల్లవి అయ్యేసరికి ఇద్దరూ దాదాపు ఒకచోటే ఉన్నారు. మ్యూజిక్ బిట్‌లో తెర మళ్లీ 5 లైన్లకు పైగా ముందుకెళుతుంది. ఆ బిట్ 80 సెకన్లు అయితే దాదాపు 10 లైన్లు ముందుంటుంది. తెరపై కనిపించేవి 8 లైన్లే. పాడాల్సిన లైను ఎప్పుడో పైకి వెళ్లిపోయింది.

టెలీప్రాంప్టర్ 1950 ప్రాంతంలో అమెరికాలో టీవీ నటుల కోసం పుట్టింది. కాగితపు చుట్ట మీద మాటలు రాసి, నటుడి వేగాన్ని చూస్తూ ఒక మనిషి దాన్ని తిప్పేవాడు. నేను మర్చిపోయింది ఆ మనిషినే!

ముందు తేల్చుకోవాల్సింది: ట్రాకా, లైవా?

ట్రాక్ మీద పాడుతుంటే ఆటో స్క్రోలింగ్ వాడొచ్చు. ట్రాక్ ప్రతిసారీ ఒకే నిడివిలో ఉంటుంది కాబట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు. స్టేజ్ ట్రాక్స్ లాంటి ఐప్యాడ్ యాప్‌లు ట్రాక్‌ను, సాహిత్యాన్ని కలిపే నడిపిస్తాయి.

వాద్యకారులు లైవ్‌లో వాయిస్తుంటే మాత్రం టైమర్‌ను నమ్మొద్దు. రెండు దారులున్నాయి. ఒకటి, పాడే వేగానికే స్క్రోలింగ్ పెట్టుకుని, మ్యూజిక్ బిట్ రాగానే ఆపి, చరణానికి మళ్లీ మొదలుపెట్టడం. రెండోది ఇంకా తేలిక. పాటను పేజీలుగా విడగొట్టి, ఒక్కో నొక్కుకు ఒక్కో పేజీ మార్చడం. మామయ్యకు ఇదే కుదిరింది. పేజీకి 6 లైన్ల చొప్పున 36 లైన్లు 6 పేజీలయ్యాయి. పాట మొత్తానికి 5 నొక్కులు. ప్రతి పేజీ చివరి లైనును తర్వాతి పేజీలో మొదట బూడిద రంగులో మళ్లీ పెట్టా. పేజీ అర సెకను ముందు మారినా కంగారుండదు.

ల్యాప్‌టాప్‌కు క్యూప్రాంప్ట్ ఉంది. ఇది ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లైనక్స్‌లలో పనిచేస్తుంది. ఐప్యాడ్‌లో ఆన్‌సాంగ్, ఆండ్రాయిడ్‌లో మొబైల్‌షీట్స్ వాడేవాళ్లు ఎక్కువ. ఇవి రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవి. వీటిలో పాటల వరుస ముందే పేర్చుకోవచ్చు.

తెలుగుతో వచ్చే తిప్పలు

మన దగ్గర చాలా పాటలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైప్ చేసినవే. అవి యూనికోడ్ కావు. యాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి. మార్చాక ఒక్కో లైనూ చదవండి, ఒత్తులు తారుమారవుతుంటాయి.

కొన్ని యాప్‌లలో యూనికోడ్ ఇచ్చినా ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కకు వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో పెద్ద అక్షరాలతో పేజీలు సిద్ధం చేసి, పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించండి. పీడీఎఫ్‌లో అక్షరం ఎలా కూర్చుంటే అలాగే ఉంటుంది. ఫాంట్ల విషయానికొస్తే మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి, దూరం నుంచీ స్పష్టంగా ఉంటాయి. తెలుగులో గుడి పైన, ఒత్తు కింద ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, లైను ఎక్కడ విరవాలన్నది. కవి రాసిన పాదం ప్రకారం కాదు, గాయకుడు ఊపిరి తీసుకునే చోట విరవండి. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని పాడించి, ఆయన ఆగిన ప్రతిచోటా ఎంటర్ కొట్టా. పాటకు పావుగంట పట్టింది. మొత్తం పనిలో బాగా ఉపయోగపడింది ఆ పావుగంటే.

కాలి కింద కీబోర్డు

బ్లూటూత్ పెడల్ అంటే ఏదో పెద్ద పరికరం అనుకోకండి. కంప్యూటర్ దృష్టిలో అదొక చిన్న కీబోర్డు. కుడి మీట నొక్కితే పేజ్ డౌన్, ఎడమది నొక్కితే పేజ్ అప్ వెళుతుంది. అందుకే యాప్ సెట్టింగ్స్‌లో ఏ కీకి ఏ పని అన్నది సరిచూసుకుంటే చాలు. ఐప్యాడ్‌కు పెడల్ కలిపాక తెర మీది కీబోర్డు మాయమవుతుంది. కంగారు పడొద్దు, పెడల్‌నే కీబోర్డు అనుకుంటోందంతే.

పెడల్‌కు డబ్బులు లేవా? ఆఫీసుల్లో స్లైడ్లు మార్చే క్లిక్కర్ కూడా చాలావరకు ఇవే కీలు పంపుతుంది. మొదటి నెల నేనే స్టేజీ పక్కన నిలబడి, మామయ్య ఊపిరి చూస్తూ క్లిక్కర్ నొక్కా. కాలు అలవాటయ్యాక పెడల్ ఆయనే తీసుకున్నారు.

తెర ఎంత దూరంలో?

మామయ్య కంటి సమస్యకు జవాబు ఇక్కడ దొరికింది. ఆయనకు దూరం బాగానే కనిపిస్తుంది. టాబ్లెట్‌ను స్టాండుకు తగిలించి ముఖం ముందు పెడితే మళ్లీ కళ్లజోడు కావాలి. అందుకే పాత మానిటర్ ఒకటి ల్యాప్‌టాప్‌కు కలిపి, స్పీకర్ మానిటర్ పక్కన నేల మీద ఏటవాలుగా పెట్టాం. దూరం సుమారు 2 మీటర్లు. అక్షరం ఎత్తు సెంటీమీటరున్నర. కళ్లజోడు అక్కర్లేదు, జనానికీ ఆయన ముఖానికీ మధ్య ఏదీ అడ్డం లేదు. రాత్రి ప్రోగ్రాములకు నల్లటి తెరపై లేత పసుపు అక్షరాలు, పగటి ఎండలో తెల్లటి తెరపై నల్ల అక్షరాలు బాగుంటాయి.

టాబ్లెట్ వాడేవాళ్లు ఎండను గుర్తుపెట్టుకోండి. ఐప్యాడ్ పనిచేయాల్సిన వేడి 35 డిగ్రీల లోపే అని యాపిల్ చెబుతోంది. మన మే నెల పెళ్లి పందిళ్ల సంగతి మీకు తెలిసిందే. నీడలో ఉంచండి, ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి.

స్టేజీ ఎక్కే ముందు..

- ఫ్లైట్ మోడ్ పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేయండి. పాట మధ్యలో ఫోన్లు, మెసేజీలు తెర మీదికి రావు.
- స్క్రీన్ ఆఫ్ టైమర్, ఆటో బ్రైట్‌నెస్, ఆటో అప్‌డేట్ మూడూ ఆపేయండి.
- టాబ్లెట్‌లో స్క్రీన్ పిన్నింగ్ పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే గైడెడ్ యాక్సెస్. పొరపాటున చెయ్యి తగిలినా యాప్ మూసుకోదు.
- పెడల్‌కు కొత్త బ్యాటరీ, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్. జనరేటర్ మారేటప్పుడు మానిటర్ ఆరిపోతుంది, చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.
- సౌండ్ చెక్‌లో పాట మొదలే కాదు, మధ్యలో మ్యూజిక్ బిట్ కావాలని లాగించి చూడండి. నేను చేయని పని ఇదే!
- నోట్‌బుక్‌ను మాత్రం ఇంట్లో వదిలిరావద్దు.

ఇది కూడా ఒక పనే

సౌండ్, లైటింగ్ తెలిసిన కుర్రాళ్లు మన ఆర్కెస్ట్రాల్లో చాలామందే ఉన్నారు. యూనికోడ్ తెలుగు టైపింగ్, పీడీఎఫ్ తయారీ, పెడల్ సెట్టింగ్, కొంచెం మిడీ తెలిసినవాళ్లు తక్కువ. కాలేజీ ఫెస్టులు, చర్చి క్వయర్లు, పెళ్లి బ్యాండ్లు అన్నిచోట్లా ఇది పనికొస్తుంది. తెలుగు లిపి రాని విదేశీ తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాల్లో సాహిత్యం సిద్ధం చేయడం కూడా ఇందులోకే వస్తుంది. దీన్నే ఉద్యోగంగా నమ్ముకోమని చెప్పను. స్టేజీ టెక్నీషియన్‌గా ఎదగాలనుకుంటే మాత్రం తక్కువ ఖర్చుతో చేతికందే మొదటి మెట్టు. మీ ఊళ్లో పాడేవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల పుస్తకంలోంచి పది పాటలతో మొదలుపెట్టండి.

మొన్న చవితి పందిట్లో అదే పాట అడిగారు. కుర్రాళ్లు మళ్లీ డాన్సులకు దిగారు, ప్యాడ్స్ వాళ్లు మళ్లీ లాగారు. తెర మీద చరణం మొదటి లైను కదలకుండా ఉంది. మామయ్య రెండు చప్పట్లు కొట్టి, జనం వైపు చూస్తూనే అందుకున్నారు. తెర వైపు ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టా. పాట మొత్తానికి నాలుగుసార్లు. కిందికి దిగాక ‘మిగతా నోట్‌బుక్కులు ఎప్పుడెక్కిస్తావురా?’ అని అడిగారు. ఇప్పుడు రెండోదాంట్లో సగానికి వచ్చాం.