పాత జీపునకు ఒక అంగుళము ఎత్తు

మోటారు వాహనమును బయటినుండి చూచువారికి అది విడదీయరాని ఒకే వస్తువుగా గోచరించును. కాని పాతకాలపు జీపులు, లారీలు, పికప్పు బండ్లు మొదలైనవానిలో యథార్థమునకు రెండు నిర్మాణములు ఒకదానిపై నొకటి కూర్చుండి యున్నవి. క్రింద రెండు పొడవైన ఉక్కు దూలములను అడ్డుకమ్ములతో కలిపి చేసిన చట్రము, అనగా మన మెకానిక్కులు ఛాసీ యని పిలుచునది, ఇంజనును, గేరుపెట్టెను, ఇరుసులను భరించుచుండగా, దానిపై మనుష్యులు కూర్చుండు భాగమైన బాడీ, రబ్బరు దిమ్మల మీద నిలిచి, వానిగుండ పోవు బోల్టులచేత బిగింపబడి యుండును. ఆ రబ్బరు దిమ్మలపై మరియొక గట్టి దిమ్మను చేర్చి, బాడీని ఛాసీనుండి ఒకటి మొదలు మూడు అంగుళముల వరకు పైకి జరుపుటకే బాడీ లిఫ్ట్ అని పేరు. అమెరికాలో ఇంటి గ్యారేజీలలో స్వహస్తములతో బండి పనులు చేసికొనువారు అనేక సంవత్సరములుగా దీనిని చేయుచున్నారు. దిమ్మను దూర్చుట కష్టము కాదు. ఆ రెండు నిర్మాణముల నడుమ రాకపోకలు సాగించు గొట్టములు, తీగలు, కడ్డీలు, మీటలు ఏవేవి యున్నవో ముందుగా గుర్తించి, ఒక్కొక్కదానికి ఆ అదనపు దూరమును ఓర్చుకొను వెసులుబాటు కల్పించుటలోనే ఈ పనియొక్క నేర్పంతయు ఇమిడియున్నది.

ఛాసీయు బాడీయు వేరువేరుగా నున్న బండ్లకు మాత్రమే ఈ పని సాధ్యము. 1984 నుండి 2001 వరకు అమెరికాలో విక్రయింపబడిన జీప్ చెరోకీ చూపులకు మొరటు అడవిబండియే యైనను, దాని చట్రము బాడీతోనే ఏకమై యుండుటచేత దానిని ఈ విధముగా ఎత్తుటకు వీలులేదు. మన దేశములోని హ్యుందాయ్ క్రెటా వంటి బండ్లును ఆ కోవకు చెందినవే. మహీంద్రా బొలెరో, స్కార్పియో, పూర్వపు మారుతి జిప్సీ మాత్రము విడి ఛాసీమీద కట్టినవి. ఇచట ఉదాహరణముగా 1997 మొదలు 2006 నమూనా వరకు ఒహాయో రాష్ట్రమునందలి టొలీడో నగరములో తయారైన జీప్ రాంగ్లర్‌ను, అభిమానులు టీజే అని పిలుచు దానిని, గ్రహింతము. దీని బాడీ 11 చోట్ల ఛాసీతో కలియును. దీనికి ఎక్కువమంది ఎన్నుకొనునది ఒక అంగుళము, అనగా రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే.

ఈ ఎత్తువలన సిద్ధించు ప్రయోజనమును గూర్చి ఒక భ్రమ ప్రబలముగా నున్నది. బాడీ పైకి లేచినంతమాత్రమున బండి అడుగుభాగము రాళ్లకు దూరమగునని పలువురు తలంతురు. ఛాసీగాని, ఇరుసుగాని, ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా నుండు డిఫరెన్షియల్ గాని ఒక్క వెంట్రుకవాసియైనను కదలదు. పెరుగునది చక్రములకు పైనున్న ఖాళీ మాత్రమే. ఆ ఖాళీలో పెద్ద టైరు పట్టును. టైరు వ్యాసము 2 అంగుళములు పెరిగినచో, ఇరుసు నేలనుండి అందులో సగము, అనగా ఒక అంగుళము, పైకి లేచును. స్ప్రింగులను మార్చి బండి నంతటిని ఎత్తు సస్పెన్షన్ లిఫ్టువలన చక్రముల కోణములును, ఇరుసులకు శక్తిని చేరవేయు షాఫ్టుల వాలును మారును. బాడీ లిఫ్టులో అవి యథాతథముగా నిలిచియుండును. ఖర్చు స్వల్పమగుటయు, బండి నడక చెడకుండుటయు దీని సుగుణములు.

పాతబండి విషయములో పని ప్రారంభము పానా పట్టుటతో గాక, పరీక్షించుటతో జరుగవలెను. శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లు ఉత్తర అమెరికా ప్రాంతములలో బండి అడుగుభాగము తుప్పునకు త్వరగా లోనగును. బాడీ బోల్టులు పలుచోట్ల బాడీ లోపల పట్టీలో బంధింపబడిన నట్టులలోనికి బిగియును. తుప్పుపట్టిన బోల్టును బలాత్కారముగా త్రిప్పినచో, ఆ నట్టు పట్టీనుండి ఊడి బోల్టుతోపాటే గిరగిర తిరుగ నారంభించును. అప్పుడు దానిని పట్టుకొనుటకై నేలరేకునకు రంధ్రము చేయుట తప్ప వేరు మార్గ ముండదు. కావున కొన్ని దినముల ముందునుండియే బోల్టులపై తుప్పును వదలించు నూనెను పలుమారులు పోసి నానబెట్టవలెను. బాడీ దిమ్మలను మోయు ఛాసీ కొమ్ములు తుప్పుతో పలుచబడి, సుత్తితో తట్టినంతనే పొరలు రాలుచున్నచో, పని నంతటితో ఆపి మొదట వానిని బాగుచేయించుట కర్తవ్యము. క్షీణించిన లోహముపై ఎత్తు చేర్చుట యనగా అపాయమును చేజేతుల పెంచుటయే.

బండిని చదునైన గచ్చుపై నిలిపి, చక్రములకు అడ్డుకట్టలు పెట్టి, బ్యాటరీ తీగను విప్పి, రేడియేటరు వెనుక ఫ్యానును చుట్టియుండు ప్లాస్టిక్ తొడుగును రేడియేటరునుండి విడదీసిన పిదప బోల్టుల జోలికి పోవలెను. అన్ని బోల్టులను ముందుగా కొంత వదులు చేసి, ఒక ప్రక్కవానిని మాత్రమే పూర్తిగా తీసి, రెండవ ప్రక్కవానిని కొన్ని చుట్లపై నిలిపియుంచినచో, బాడీ ఛాసీపైనుండి ప్రక్కకు జారిపోవు భయ ముండదు. అటుపిమ్మట జాకీకిని బాడీ అంచునకును నడుమ పొడవైన కొయ్యదుంగ నుంచి, బరువు ఒకేచోట పడి రేకు సొట్టపోకుండ మెల్లమెల్లగా, దిమ్మ దూరుటకు చాలినంత మేరకే ఎత్తవలెను. నడుమ నడుమ ఆగి, ఏ గొట్టమైనను బిగుసుకొనుచున్నదా, ఏ తీగయైనను లాగబడుచున్నదా యని టార్చి వెలుగులో చూడవలెను. బాడీకిని ఛాసీకిని నడుమ ఎన్నడును వ్రేళ్లు పెట్టరాదు. దిమ్మను చిన్న కొయ్యపుల్లతో నెట్టి స్థానమునకు చేర్చవలెను. ఒక ప్రక్క దిమ్మలన్నియు చేర్చి, క్రొత్త పొడవైన బోల్టులను చేతితో పట్టునంతవరకు త్రిప్పి, రెండవ ప్రక్కను ఇదేరీతిగా ముగించి, అన్నియు తమ రంధ్రములలో సరిగా కూర్చున్న పిమ్మటనే తయారీదారుని పుస్తకములో చెప్పిన బలముతో బిగింపవలెను.

ఇక ఈ పనియొక్క హృదయమనదగిన భాగము. బాడీ పైకి లేచినప్పుడు దానిని అంటియున్నవన్నియు లేచును. ఛాసీని అంటియున్నవన్నియు నిలిచిపోవును. రేడియేటరు బాడీవైపునది, ఇంజనుముందు తిరుగు ఫ్యాను ఛాసీవైపునది. తొడుగు రేడియేటరుతోపాటు అంగుళము లేచుటచే, తొడుగుయొక్క అడుగు అంచు ఫ్యాను రెక్కలకు చేరువగును. ఇంజను వేగముతో ఊగినపుడు రెక్కలు తొడుగును కొట్టి విరిగి రేడియేటరును చీల్చు ప్రమాదము కలదు. తొడుగును అంగుళము దించి మరల బిగించుటయో, ఇంజనును మోయు రబ్బరు దిమ్మలకు బదులు అంగుళము ఎత్తైనవానిని వేసి ఇంజనును సైతము పైకి తెచ్చుటయో దీనికి పరిహారము. స్టీరింగు పెట్టె ఛాసీమీదను, స్టీరింగు చక్రము బాడీలోను ఉండును; వాని నడుమనున్న కడ్డీ ఒకదానిలో నొకటి జారు రెండు ముక్కలుగా నుండుటచే ఒక అంగుళమును సులభముగా ఓర్చుకొనును; మూడంగుళముల ఎత్తులో మాత్రము దానికి పొడిగింపు అవసరము కావచ్చును. బ్రేకు మాస్టరు సిలిండరు బాడీ గోడమీదనుండి ఛాసీవెంట చక్రములకు గొట్టములను పంపును. వానిని మెల్లగా వంచి వెసులుబాటు కల్పింపవలెనేగాని, లాగబడిన స్థితిలో విడువరాదు. ప్రయాణీకుల ప్రాణములు నేరుగా ఆధారపడియున్న స్థలము ఇదియే. పెట్రోలు పోయు గొట్టము, హ్యాండుబ్రేకు తీగ, ఇంజనునుండి బాడీకి పోవు విద్యుత్తు ఎర్తు తీగ, రేడియేటరు గొట్టములు, ఒక్కొక్కదానిని చేతితో తాకి చూడవలెను. టీజేలో నాలుగు చక్రముల నడకను మార్చు మీట బాడీకి బిగింపబడి, అది కదలించు పెట్టె క్రిందనే నిలిచిపోవుటచే, ఆ మీట గేరును పూర్తిగా పట్టించలేక పోవచ్చును. దాని పట్టీని సర్ది, ప్రతి స్థానమునకును మీట చేరుచున్నదో లేదో బండి నిలిచియుండగనే పరీక్షింపవలెను. హెడ్‌లైట్లు బాడీతో లేచినవి కనుక ఎదుటివారి కన్నులకు గ్రుచ్చుకొనకుండ వాని గురిని సవరింపవలెను. బంపర్లు ఛాసీకి బిగింపబడి క్రిందనే యుండుటచే, వానికిని బాడీకిని నడుమ క్రొత్తగా ఒక సందు కనిపించును.

దిమ్మల విషయములో పొదుపు పనికిరాదు. అమెరికాలో కొందరు ఐస్ హాకీ ఆటలో వాడు రబ్బరు బిళ్లలకు, అనగా మూడంగుళముల వ్యాసమును ఒక అంగుళము మందమును గల పక్కులకు, నడుమ రంధ్రము చేసి దిమ్మలుగా వాడుట కలదు. ఆ రబ్బరు దెబ్బలకు ఓర్చునదే యైనను, సంవత్సరములకొలది బోల్టు నొక్కుడును బాడీ బరువును మోయుటకై తయారైనది కాదు. ఒకదానిపై నొకటి రెండు బిళ్లలను పేర్చుట మరింత తప్పు. ఎత్తు పెరిగినకొలది బోల్టుపై ప్రక్కవాటు ఒత్తిడి పెరిగి, ఢీకొన్న సమయమున బోల్టులు వంగిపోవచ్చును. ఈ పనికై చేసిన గట్టి పాలియురేథేను దిమ్మలను, అసలు బోల్టులకు తీసిపోని బలముగల బోల్టులను వాడుటయే శ్రేయస్కరము. మరియొక లాభమును మరువరాదు: బాడీ ఎట్లును లేచియుండగా, ఏళ్ల తరబడి ఎండిపోయి పగుళ్లువారిన అసలు రబ్బరు దిమ్మలను క్రొత్తవానితో మార్చుటకు ఇంతకుమించిన అవకాశము లేదు, పాతబండిలో గతుకులమీద వినవచ్చు కిఱకిఱలు, అదురులు పెక్కు దానితోనే శాంతించును.

ఎత్తు ఊరక రాదు. మనుష్యుల బరువు పైకి పోవుటచే గరిమనాభియు పైకి పోవును. మలుపులలో బండి ఒరగు స్వభావము కొంత హెచ్చును. పెద్ద టైరును త్రిప్పుటకు ఇంజను, ఆపుటకు బ్రేకు మరింత శ్రమపడవలెను. 29 అంగుళముల టైరునకు బదులు 31 అంగుళములది వేసినచో, స్పీడోమీటరు ముల్లు 60 మైళ్లు చూపునప్పుడు బండి నిజముగా 64 మైళ్ల వేగమున పోవుచుండును. ఈ కారణములచేతనే అమెరికాలో పలు రాష్ట్రములు బండి ఎత్తునకు, బంపరు ఎత్తునకు హద్దులు విధించినవి; ఆయా రాష్ట్రముల నిబంధనలు వేరువేరు. మన దేశమున శాసన మింకను కఠినము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారుడు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆ నియమమును స్పష్టముగా సమర్థించినది. అదే సంవత్సరము చేసిన సవరణచే, అనుమతి లేని మార్పునకు యజమానికి ఆరు మాసములవరకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆంధ్ర, తెలంగాణ రోడ్లపై బొలెరోనో జిప్సీనో ఈ విధముగా ఎత్తదలచినవారు మొదట దర్శింపవలసినది రవాణా కార్యాలయమును.

చట్టము అనుమతించుచోట, అమెరికాలో నివసించు తెలుగువారికైనను మరెవరికైనను, నేను చేయు విన్నప మొక్కటియే: ఒక అంగుళముతో తృప్తినొందుడు. ఒక అంగుళములో స్టీరింగు కడ్డీ తన పొడవుతోనే సరిపెట్టుకొనును, గొట్టములు చిన్న సవరణతో ఓర్చుకొనును, బోల్టు నిటారుగా నిలుచును. మూడంగుళములలో వీనిలో ప్రతి యొక్కటియు ఒక ప్రత్యేక పరిష్కారమును కోరును, ఏ ఒక్కటి మరచినను దాని మూల్యము ప్రయాణములో చెల్లింపవలసి వచ్చును. పని ముగిసిన పిమ్మట బండిని నిలిపియే స్టీరింగును ఒక కొననుండి మరియొక కొనవరకు త్రిప్పి, బ్రేకును గట్టిగా త్రొక్కి, అన్ని గేర్లను మార్చి చూచి, తరువాత మెల్లగా కొంతదూరము నడపి, కొన్ని వందల మైళ్లు తిరిగిన పిమ్మట ఆ పదునొకండు బోల్టులను మరల బిగించి చూడవలెను. మన చేతులతో విప్పిన ప్రతి కీలునకు మనమే పూచీదారులము. ఆ పూచీని సంతోషముగా వహింపగలిగినవానికే తన బండిని తానే ఎత్తుకొను అధికారము గలదు.